పోటీ ఎక్కడ పెట్టాలి?

ఆటలో న్యాయం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా బరిలోపలి న్యాయం గురించే మాట్లాడతాం. నియమాలు ఇద్దరికీ ఒకటేనా, మధ్యవర్తి ఎవరికైనా కొమ్ముకాశాడా, గడియారం సరిగా నడిచిందా, ఇవీ మన ప్రశ్నలు. ఆట ఏ చోట జరిగిందన్నది నిర్వాహకుల తలనొప్పి అనుకుని వదిలేస్తాం. హాలు దొరికింది, డబ్బు దొరికింది, జరిపించారు. ఇందులో న్యాయాన్యాయాల ప్రసక్తి ఏమున్నది అనుకుంటాం. నా ఉద్దేశంలో అన్యాయం చాలాసార్లు ఆట మొదలు కాకముందే, చోటు నిర్ణయించిన రోజునే జరిగిపోతుంది. ఆ తరవాత నియమాలు ఎంత నిక్కచ్చిగా పాటించినా అది సర్దుకోదు.

కూడూ గూడూ లేని జనం ఇంతమంది ఉండగా చదరంగం పోటీ ఎక్కడ పెడితేనేం అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న సబబైనదే. కాని పొట్టకోసం చేసే పనిలో అన్యాయం జరిగితే దానికి అవసరమనే సాకు అయినా ఉంటుంది. సరదాకోసం ఆడే ఆటకు ఆ సాకు కూడా లేదు. దాన్ని పెట్టమని ఎవరూ మన మెడమీద కత్తి పెట్టలేదు. అటువంటి చోట కూడా మనం కొందరిని బయట నిలబెట్టామంటే అది అవసరం చేయించిన పని కాదు, మన స్వభావం చేయించిన పని. అందుకే ఈ చిన్న విషయం మీద ఇంత రాస్తున్నాను.

మా ఊరు కారంచేడుకు దగ్గర. ఇదివరకు ప్రకాశం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుంచి బాపట్ల జిల్లా కిందికి వచ్చింది. మా వైపు పోటీ అనగానే ముందుగా గుర్తుకొచ్చేది ఎడ్ల బండలాగుడు. అందులో జరిగే న్యాయం చూడముచ్చటగా ఉంటుంది. ఒక విభాగంలో ఉన్న జతలన్నిటికీ ఒకే బండ, ఒకే బరి, ఒకే వ్యవధి. ఆ వ్యవధిలో ఏ జత ఎంత దూరం లాగిందో అడుగులూ అంగుళాలూ లెక్కగట్టి మైకులో చెబుతారు. అంగుళం తేడా వచ్చినా గొడవే. ఎడ్ల విషయంలో మేము అంత ఖచ్చితమైన మనుషులం.

హైస్కూల్లో చదివే రోజుల్లో మా ఈడు పిల్లలకు చదరంగం పిచ్చి పట్టుకున్నది. 1974 వేసవి సెలవుల్లో ఊళ్ళో పోటీ పెట్టాలనుకున్నాం. తూర్పు బజారు వాళ్ళు తమ బజారులో పెట్టాలన్నారు. పడమటి బజారు వాళ్ళు తమ బజారులో పెట్టాలన్నారు. నాలుగు రోజులు తగాదా పడి, చివరకు రామమందిరం అరుగుమీద పెట్టాలని తీర్మానించాం. అది రెండు బజార్లకూ సమదూరం. ఒకడు అడుగులు వేసి లెక్కపెట్టాడు కూడా. పది పన్నెండు అడుగుల తేడా వస్తే ఆ మాత్రం పరవాలేదని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. చాలా న్యాయంగా ప్రవర్తించామని మాకు గొప్ప తృప్తి కలిగింది.

మా తరగతిలో అందరికన్నా బాగా ఆడేవాడు మాదిగపల్లె నుంచి వచ్చే అబ్బాయి. అతని ఇంట్లో బల్లా లేదు, పావులూ లేవు. నేలమీద బొగ్గుతో గళ్ళు గీసి, చింతపిక్కలూ గులకరాళ్ళూ పెట్టి ఆట నేర్చుకున్నాడు. బడిలో నన్ను చాలాసార్లు ఓడించాడు. నేను అతన్ని “ఏరా” అనేవాణ్ణి, అతను నన్ను “మీరు” అనేవాడు. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే ఈడు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు.

పోటీకి అతని పేరు నేనే రాశాను. రాసి, ఆ సంగతి అతనితో చెప్పాను.

“ఎక్కడండీ?” అన్నాడు.

“రామమందిరం దగ్గర.”

కాసేపు ఊరుకున్నాడు. “ఆడటానికి నాకేముందండీ, ఆడతాను. మధ్యలో దప్పికైతే?” అన్నాడు.

నేను నవ్వాను. “ఇంటిదగ్గర తాగి రారా” అన్నాను.

అతను రాలేదు. హాజరు కాలేదు కనక మొదటి ఆటలోనే ఓడినట్టు రాశాం. నాకు రెండో బహుమతి వచ్చింది.

అతన్ని ఎవరూ రావద్దనలేదు. జాబితాలో పేరుంది. నియమాలు అందరికీ ఒకటే. అడిగితే మేమంతా ఇదే సమాధానం చెప్పి ఉండేవాళ్ళం, మనస్ఫూర్తిగానే చెప్పి ఉండేవాళ్ళం. కాని మా అడుగులు లెక్కపెట్టినవాడు తూర్పు బజారు నుంచి లెక్కపెట్టాడు, పడమటి బజారు నుంచి లెక్కపెట్టాడు. పల్లె నుంచి లెక్కపెట్టలేదు. ఆ దూరం అడుగుల్లో తేలేది కూడా కాదు.

ఇక లోకంలో పెద్ద పోటీలకు చోటు ఎలా నిర్ణయిస్తున్నారో చూడండి. 1924లో పారిస్‌లో ఏర్పడిన ప్రపంచ చదరంగ సమాఖ్య లాటిన్ భాషలో ఒక నినాదం పెట్టుకున్నది. మనమంతా ఒకే జనం అని దాని అర్థం. ఆ సమాఖ్య పెద్ద పోటీలకోసం దేశాల నుంచి ప్రతిపాదనలు పిలుస్తుంది. బహుమతి సొమ్ము ఎంత, సమాఖ్యకు చెల్లించేది ఎంత, హాలూ హోటలూ ఎటువంటివి అన్నవి అందులో ముఖ్యమైన విషయాలు. ఆ తరవాత వివాదమంటూ వస్తే అది ఎక్కువగా ఒకే విషయం మీద వస్తుంది: ఈ చోటు ఎవరికి అనుకూలం, ఎవరికి ప్రతికూలం?

1972లో ఫిషర్ బెల్‌గ్రేడ్ కావాలన్నాడు, స్పాస్కీ రేక్యవిక్ కావాలన్నాడు. పోటీని రెండు ఊళ్ళకూ పంచాలని చూశారు. బెల్‌గ్రేడ్ తప్పుకోగా అంతా రేక్యవిక్‌లోనే జరిగింది. స్పాస్కీ కోరుకున్న ఊళ్ళోనే స్పాస్కీ ఓడిపోయాడు. 2013లో ఆనంద్, కార్ల్‌సన్‌ల పోటీని ఆనంద్ పెరిగిన చెన్నైకి ఇచ్చినప్పుడు పారిస్ ప్రతిపాదన కూడా ఉన్నది. ఇది తమవాడికి అన్యాయమని నార్వే చదరంగ సంఘం అభ్యంతరం చెప్పింది. నవంబరులో పోటీ జరిగింది. కార్ల్‌సన్ ఒక్క ఆట కూడా ఓడకుండా ఆరున్నర, మూడున్నర పాయింట్ల తేడాతో గెలిచాడు. అంతకు చాలా ముందు, 1994లో, హైదరాబాదు శివార్లలోని సంఘీనగర్‌లో ప్రపంచ పోటీకి అర్హత తేల్చే ఆటలు జరిగినప్పుడు ఆనంద్ కామ్‌స్కీ మీద ముందంజ వేసి, దాన్ని నిలుపుకోలేక, చివరి వేగపు ఆటల్లో ఓడాడు. సొంత గడ్డ మనిషికి బలమే కాదు, బరువు కూడా.

ఈ పాత తగాదాల వల్ల నేర్చుకున్నారో, ఏమో, 2024లో గుకేశ్, డింగ్ లిరెన్‌ల పోటీకి చెన్నై, ఢిల్లీ, సింగపూర్ ముందుకొస్తే సింగపూర్‌కు ఇచ్చారు. గుకేశ్ చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబపు బిడ్డ, డింగ్ చైనావాడు. అటు ఇండియా కాదు, ఇటు చైనా కాదు, మధ్యస్థంగా సింగపూర్. అక్కడ 18 ఏళ్ళ గుకేశ్ గెలిచాడు. ఈ నిర్ణయంలో నాకు తప్పేమీ కనిపించటం లేదు. ఇద్దరే మనుషులు ఆడే ఆటకు ఇద్దరికీ పరాయి చోటు చూడటం సబబే. అయితే ఇది రామమందిరం అరుగు పరిష్కారం. రెండు బజార్ల తగాదాకు ఇది మందు. ఇద్దరూ బలవంతులై, ఇద్దరికీ పిలుపు అంది, ఇద్దరికీ నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నప్పుడు సమదూరమే న్యాయం. రెండు బజార్లే కాక ఒక పల్లె కూడా ఉన్నప్పుడు ఆ కొలత చాలదు.

వందలమంది ఆడే పోటీల్లో ఈ సంగతి బయటపడుతుంది. 2017 ఫిబ్రవరిలో ఆడవాళ్ళ ప్రపంచ పోటీ టెహరాన్‌లో మొదలయింది. అక్కడి చట్టం ప్రకారం ఆడవాళ్ళంతా, పరదేశం నుంచి వచ్చినవాళ్ళు కూడా, తలమీద గుడ్డ కప్పుకుని ఆడాలి. అమెరికా విజేత నాజీ పైకీడ్జ్ ఆ షరతుకు ఒప్పుకోనని వెళ్ళలేదు. మన గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక వెళ్ళింది, తలకు గుడ్డ కట్టుకుని ఆడింది, కాంస్యం తెచ్చింది. నేను హారికను తప్పుపట్టను, పైకీడ్జ్‌ను వీరవనితను చేసి ఊరేగించను. ఏళ్ళ తరబడి ఆటనే నమ్ముకున్న మనిషిని, ఆట కావాలా ఆత్మగౌరవం కావాలా తేల్చుకోమని నిలదీసినవాళ్ళది తప్పు. అదే ఏడాది డిసెంబరులో రియాద్‌లో వేగపు ఆటల ప్రపంచ పోటీలు భారీ బహుమతులతో జరిగాయి. ఇజ్రాయెల్ ఆటగాళ్ళకు వీసాలు రాలేదు. అంతకు ముందటి ఏడాది రెండు విభాగాల్లోనూ విజేత అయిన యుక్రెయిన్ వనిత అన్నా ముజిచుక్, ఆ దేశంలో రెండో తరగతి మనిషిగా తిరగనని చెప్పి రెండు బిరుదులూ వదులుకున్నది. అక్కడే ఆనంద్ ఒక బిరుదు గెలిచాడు. మనం సంబరపడ్డాం. నేనూ సంబరపడ్డాను. రాలేకపోయినవాళ్ళ సంగతి ఆ సంబరంలో గుర్తుకు రాలేదు. 1974లో నా రెండో బహుమతికి కూడా నేను ఇలాగే సంబరపడ్డాను.

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. ఈ చోట్లు ఎంచిన సమాఖ్యకు నష్టమేమీ రాలేదు. డబ్బు పెట్టిన దేశాలకు పేరు వచ్చింది. నష్టమంతా రాలేకపోయిన ఆటగాడి నెత్తిన పడింది. మా ఊళ్ళో కూడా అంతే. చోటు ఎంచింది మేము, ఓడినట్టు రాసింది అతన్ని. అన్యాయమైన చోటును గుర్తుపట్టటానికి ఇది మంచి గుర్తు: అక్కడికి రాకపోవటం వల్ల కలిగే నష్టాన్ని, దాన్ని ఎంచినవాడు కాక, రాలేనివాడు భరిస్తాడు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉన్నది. మచ్చలేని దేశం ఎక్కడున్నది? ఇలా జల్లెడ పడుతూ పోతే చివరికి నాలుగైదు ధనిక దేశాలు మిగులుతాయి. పైగా ఆ దేశాల వీసా కార్యాలయాల దగ్గర ఆఫ్రికా ఆటగాళ్ళు ఎంతమంది వెనక్కు తిరిగిపోలేదు? ఈ వాదంలో నిజం ఉన్నది. స్వేచ్ఛ గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడే దేశం గుమ్మం దగ్గర పేదవాడి సంచీ వెతికితే అది కూడా పల్లెవాణ్ణి బయట నిలబెట్టటమే. అంతేకాదు, టెహరాన్ పోటీని బహిష్కరించవద్దని ఇరాన్ ఆటగత్తె మిత్రా హెజాజీపూర్ కోరింది. బయటివాళ్ళు రాకపోతే తమ దేశపు ఆడవాళ్ళు కష్టపడి సంపాదించుకున్న కొద్దిపాటి చోటు కూడా పోతుందని ఆమె బాధ. ఆ మాటను మనం కొట్టిపారెయ్యలేం. అయితే తరవాత జరిగినది కూడా చూడాలి. 2019 డిసెంబరులో మాస్కో పోటీలో ఆమె తలమీది గుడ్డ తీసి ఆడింది. ఆమెను జాతీయ జట్టు నుంచి తొలగించారు. పోటీ జరిపించిన సమాఖ్య వచ్చి వెళ్ళిపోయింది, ఆమె కష్టం ఆమెకు మిగిలింది.

కాబట్టి మచ్చ ఉన్న ఊరికి వెళ్ళవద్దని నేననటం లేదు. వెళ్ళేముందు బేరం చెయ్యాలంటున్నాను. ఇప్పుడు కూడా బేరం చేస్తూనే ఉన్నారు, సొమ్ము గురించి. అదే బల్లమీద, అదే కాగితంలో, ఇంకో బేరం ఎందుకు చెయ్యరు? ఎవరికి ప్రవేశం ఉండదు, ఎవరు ఏ షరతుకు లొంగాలి, ఆతిథ్యమిచ్చే దేశంలోనే ఎవరు ఈ హాల్లో అడుగుపెట్టలేరు అన్నవి ముందే ఎందుకు అడగరు? మాట తప్పితే పోటీ పోతుందని ఎందుకు రాసుకోరు? బలవంతులు పట్టుబట్టినప్పుడు చోట్లు మారుతూనే ఉన్నాయి. 2022లో రష్యా యుక్రెయిన్ మీద దండెత్తిన తరవాత, అక్కడ జరగవలసిన చదరంగ ఒలింపియాడ్‌ను కొద్ది వారాల్లోనే చెన్నైకి మార్చారు. కావాలనుకుంటే చెయ్యగలరన్నమాట.

ఆ చెన్నై పోటీలో ఒక మంచి సంగతి జరిగింది, ఒక చెడ్డ సంగతి జరిగింది. హారిక నిండు నెలలతో ఉండి ఆ పోటీలో ఆడింది, మన ఆడవాళ్ళ జట్టుకు కాంస్యం వచ్చింది. చోటు దగ్గరగా ఉండబట్టి కదా ఆమెకు అది సాధ్యమైంది! అదే పోటీ సముద్రాల అవతల జరిగి ఉంటే తొమ్మిదో నెల గర్భిణి అక్కడికి ఎలా పోగలదు? దూరం అందరికీ ఒకటి కాదనీ, గర్భిణికి ఒక దూరం, పసిబిడ్డ తల్లికి ఒక దూరం, అప్పు చేసి టిక్కెట్టు కొనేవాడికి ఒక దూరం ఉంటుందనీ దీనివల్ల తెలుస్తున్నది. చెడ్డ సంగతి ఏమంటే, ఒలింపియాడ్ జ్యోతిని కాశ్మీరు మీదుగా తీసుకెళ్ళారని నిరసన తెలిపి, అప్పటికే మన గడ్డమీద దిగిన పాకిస్తాన్ జట్టు ఆడకుండానే వెనక్కు వెళ్ళింది. కాశ్మీరు మీద ఎవరి వాదం వారికి ఉండనివ్వండి. అతిథిని పిలిచినవాడు, ఆ అతిథి తలవంచుకుంటే తప్ప దాటలేని గుమ్మం కట్టకూడదు.

ఇంత దూరం లోకం తిరిగి మళ్ళీ మా గడ్డకు రాక తప్పదు.

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ దగ్గర తగాదా వచ్చింది. ఆ నీళ్ళను గేదె కుడితితో, కడుగుతో పాడుచెయ్యవద్దని పల్లెవాళ్ళు అన్నారు. అన్నవాణ్ణి కొట్టబోతే ఒక స్త్రీ అడ్డుపడి బిందె ఎత్తింది. మరునాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు వందలమందిని వెంటేసుకుని పల్లెమీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు, స్త్రీలను చెరిచారు, దొరికినవాళ్ళను దొరికినట్టు నరికారు. మిగిలినవాళ్ళు పరుగెత్తి చీరాల చేరుకున్నారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. 23 ఏళ్ళు పట్టింది. ఇంత ఘోరానికి మొదలు ఏమిటని వెతుకుతూ పోతే మంచినీళ్ళు. నేను నవ్వి తోసేసిన ప్రశ్న కూడా మంచినీళ్ళ గురించే.

ఆ నెలలోనే నేను చీరాల శిబిరానికి వెళ్ళాను. మా చదరంగం స్నేహితుడు అక్కడ కనిపించాడు. అతని మేనత్తను కారంచేడు పల్లెలో ఇచ్చారు. ఆమెను చూడటానికి వచ్చి, అక్కడే ఉండిపోయి నలుగురికీ సాయం చేస్తున్నాడు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. అతను లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, “తాగండి” అన్నాడు. తాగాను. అందులో నా గొప్పతనమేమీ లేదు, ఎండనపడి వచ్చాను, దప్పికయింది. అయితే ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, తడికెల నీడన తలదాచుకున్నవాళ్ళ దగ్గరకు, వాళ్ళను తరిమిన కులంలో పుట్టినవాణ్ణి వెళితే, నువ్వెవరివని అడగకుండా మంచినీళ్ళు ఇచ్చారు. పదకొండేళ్ళ కిందట సిమెంటు అరుగూ, పందిరీ, రెండు బజార్ల పెద్దల ఆశీస్సులూ ఉండి మేము చెయ్యలేకపోయిన పని అది. మా అరుగు పోటీకి తగిన చోటు కాదనీ, ఆ శిబిరం తగిన చోటేననీ నాకు అప్పుడు అర్థమయింది.

ఆటకూ ఈ గొడవలకూ ముడిపెట్టటం భావ్యం కాదని కొందరు పెద్దమనుషులు అంటారు. ముడి నేను పెట్టింది కాదు. ఫలానా చోట ఆడాలని నిర్ణయించినవాడే ఆ చోట ఉన్న కులాన్నీ, చట్టాన్నీ, గుమ్మాన్నీ ఆటకు ముడిపెట్టాడు. నేను ఆ ముడి ఉన్నదని చూపిస్తున్నానంతే. బల్లమీద 64 గళ్ళూ అందరికీ ఒకటే, బంటు కూడా నడిచి నడిచి మంత్రి కావచ్చు. కాని బల్ల ఎవరి అరుగుమీద పెట్టారన్నది ఆ 64 గళ్ళలో కనిపించదు.

పెద్ద పోటీలకు చోటు ఎంచేవాళ్ళు నా వ్యాసం చదువుతారని నాకు భ్రమ లేదు. కాని చిన్న పోటీలు పెట్టేవాళ్ళం మనమే. సంక్రాంతికి బరి గీసేది మనం, యువజన సంఘంలో క్యారమ్ బోర్డులు వేసేది మనం, సాహిత్య సభకు హాలు మాట్లాడేది కూడా మనమే. ఈసారి చోటు చూసేటప్పుడు గెలవగలవాణ్ణి అడగవద్దు, డబ్బిచ్చేవాణ్ణి అడగవద్దు. క్రితంసారి పేరు రాసీ రానివాణ్ణి వెతికి పట్టుకుని, ఎందుకు రాలేదని అడగండి. అతను చెప్పే జవాబు విని నవ్వకండి. అతను ఏ చోటికి తలెత్తుకుని వచ్చి, ఆడి, మంచినీళ్ళు తాగి, క్షేమంగా ఇల్లు చేరగలడో అక్కడ పోటీ పెట్టండి. అటువంటి చోటు ఊళ్ళో లేకపోతే ముందు దాన్ని తయారుచెయ్యండి. ఆట ఒక ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు.